వికేంద్రీకృత కమ్యూనిటీల్లో ఓటు ఎలా వేయాలి, లెక్క ఎలా చూడాలి

బతుకమ్మ పండుగకు వారం ముందు మా హనుమకొండ ఫొటో మిత్రుల కమ్యూనిటీలో ఒక చిన్న ప్రశ్న వచ్చింది. ఆదివారం పొద్దున్నే కెమెరాలు పట్టుకొని ఖిలా వరంగల్‌కు వెళ్దామా, భద్రకాళి చెరువు కట్టకు వెళ్దామా అని. రెండు చోట్లకు రెండు కామెంట్లు పెట్టి, ఇష్టమైన దానికి అప్‌వోట్ (పై బాణం నొక్కి వేసే మెచ్చుకోలు ఓటు) వేయమన్నాము. శనివారం రాత్రి నా ఫోన్‌లో కోటకు 14, కట్టకు 11 కనిపించాయి. ఇక కోటే అని నిశ్చయించుకొని పడుకున్నాను. తెల్లారి తోరణాల దగ్గర నిలబడి ఎదురుచూస్తుంటే పరకాల మిత్రుడు ఫోన్ చేసి, “అన్నా, మేం నలుగురం కట్ట మీదున్నం, మీరేడున్నరు? నా ఫోన్‌ల కోటకు తొమ్మిదే ఉన్నయ్ గదా, కట్టకే పదకొండున్నయ్” అన్నాడు.

ఎవరి ఫోనూ అబద్ధం చెప్పలేదు. అతని ఖాతా ఉన్న సర్వర్ మరొక సర్వర్‌ను చాలాకాలం క్రితమే బ్లాక్ చేసింది. కోటకు ఓటు వేసిన మావాళ్లలో ఐదుగురి ఖాతాలు ఆ బ్లాక్ అయిన సర్వర్‌లో ఉన్నాయి. ఆ ఐదు ఓట్లు నా తెర మీదికి వచ్చాయి, అతని తెర మీదికి రాలేదు. ఆ రోజు నుంచి మా కమ్యూనిటీలో కొత్తగా చేరేవారికి ఓటు సంగతి విడిగా చెబుతున్నాను. అలా చెప్పి చెప్పి పోగైనదే ఇది. మా కమ్యూనిటీ ఉన్నది లెమ్మీలో, అంటే ఒకే కంపెనీ చేతిలో లేని, పోస్టులు వేసి ఓటు వేసుకునే చర్చా వేదికలో; అది వాడేవారిని దృష్టిలో పెట్టుకొని రాశాను. అలాంటివే అయిన పీఫెడ్, ఎంబిన్ వాడేవారికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది, చిన్న పోస్టుల వేదిక మాస్టడాన్ సంగతి విడిగా చెప్పాను.

ముందు అసలు పుస్తకం ఎక్కడుందో చూసుకోండి

ఈ వేదికల వెనుక ఒకే కంపెనీ గానీ ఒకే పెద్ద కంప్యూటర్ గానీ లేదు. వేర్వేరు మనుషులు, సంఘాలు తమ ఖర్చుతో నడిపే సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిలో ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. ఈ పద్ధతిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. లెమ్మీ పని 2019లో మొదలైంది. 2023 జూన్‌లో రెడిట్ అనే పెద్ద చర్చా వేదికలో ఏపీఐ ధరల (బయటి యాప్‌లు దాని సమాచారం వాడుకోవడానికి కట్టాల్సిన ధరల) గొడవ జరిగినప్పుడు చాలామంది ఒక్కసారిగా ఇటువైపు వచ్చారు, మేమూ ఆ గుంపుతోనే వచ్చాము.

మన ఊళ్లలోని మహిళా సంఘాల పుస్తకాలను గుర్తు చేసుకుంటే ఈ ఏర్పాటు తేలికగా అర్థమవుతుంది. ప్రతి సంఘానికి తన పుస్తకం ఉంటుంది, గ్రామ సమాఖ్యకు తన పుస్తకం ఉంటుంది. కిస్తు కట్టిన విషయం రెండింటిలోనూ ఎక్కాలి. ఒక దాంట్లో ఆలస్యంగా రాస్తే కొన్నాళ్లు లెక్క కలవదు, అలాంటప్పుడు సమాఖ్య పుస్తకం తెప్పించి చూస్తారు. లెమ్మీలో ప్రతి కమ్యూనిటీకి ఒక సొంత సర్వర్ ఉంటుంది, అదే సమాఖ్య పుస్తకం. మీ ఖాతా మరొక సర్వర్‌లో ఉంటే మీరు చూస్తున్నది మీ సంఘం పుస్తకం, అంటే అసలుకు ఒక నకలు.

కాబట్టి చేయవలసిన మొదటి పని కమ్యూనిటీ పూర్తి చిరునామా చదవడం. పేరు తర్వాత @ గుర్తు, ఆ గుర్తు తర్వాత సర్వర్ పేరు ఉంటాయి. @ తర్వాత ఏమీ కనిపించకపోతే ఆ కమ్యూనిటీ మీ సర్వర్‌లోనిదే అనుకోవచ్చు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. పోస్టు పక్కన రంగురంగుల చుక్కలతో గీతలు కలిపిన చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే అసలు ప్రతి తెరుచుకుంటుందని అందరూ అనుకుంటారు. అది తెరిచేది పోస్టు రాసిన మనిషి సర్వర్‌లోని ప్రతిని. రాసిన మనిషిది ఒక సర్వర్, కమ్యూనిటీది ఇంకొక సర్వర్ అయితే ఆ గుర్తు మిమ్మల్ని మూడో ఇంటికి తీసుకుపోతుంది. అసలు లెక్క కావాలంటే బ్రౌజర్‌లో కమ్యూనిటీ సొంత సర్వర్‌ను తెరిచి, అక్కడ ఆ కమ్యూనిటీలోకి వెళ్లి ఆ పోస్టును వెతకాలి. చూడడానికి సాధారణంగా ఖాతా అక్కర్లేదు.

చేరండి, భాష సరిచూసుకోండి, తర్వాతే ఓటు

ఒక సర్వర్‌లో కనీసం ఒక్కరైనా చేరితేనే ఆ కమ్యూనిటీ కబుర్లు ఆ సర్వర్‌కు క్రమం తప్పకుండా వస్తాయి. మీ సర్వర్ నుంచి మొదట చేరేవారు మీరే అయితే, పాత పోస్టులు కొన్ని మాత్రమే కనిపిస్తాయి, వాటి పక్కన ఓట్లు దాదాపు సున్నాగా ఉంటాయి. అక్కడ ఎవరూ లేరని, కమ్యూనిటీ చచ్చిపోయిందని అనుకోకండి. గడిచిపోయిన ఓట్లను వెనక్కి వెళ్లి తెచ్చే ఏర్పాటు లేదు. మీరు చేరిన క్షణం నుంచి పడే ఓట్లు మాత్రమే వస్తాయి. అందువల్ల కొత్తగా చేరిన రోజే పాత పోస్టుల అంకెలను చూసి ఏదీ నిర్ణయించవద్దు.

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినది భాష సెట్టింగ్ గురించి. లెమ్మీలో ప్రతి పోస్టుకు ఒక భాష గుర్తు పెట్టవచ్చు, ప్రతి ఖాతాకు ఏయే భాషలు చూపాలో ఎంచుకోవచ్చు. ఎవరైనా తమ ఖాతాలో ఇంగ్లీషు ఒక్కటే ఎంచుకొని ఉంటే, మీరు తెలుగు అని గుర్తు పెట్టిన పోస్టు వారికి అసలు కనిపించదు, కనిపించని పోస్టుకు ఓటు ఎలా పడుతుంది? మా కమ్యూనిటీలో మొదటి రెండు నెలలు పోస్టులకు ఒకటి రెండు ఓట్లకు మించి పడకపోవడానికి కారణం ఇదేనని ఆలస్యంగా తెలిసింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి భాషల జాబితాలో తెలుగును ఎంచుకోండి. దాంతో పాటు జాబితాలో ‘భాష చెప్పనివి’ అనే అర్థంలో ఉండే అన్‌డిటర్మిన్డ్ అన్నదాన్ని కూడా తప్పకుండా ఎంచుకోండి. దాన్ని వదిలేస్తే చాలామంది భాష గుర్తు పెట్టకుండా వేసే పోస్టులన్నీ మాయమవుతాయి. మిత్రులకు కూడా ఇదే చెప్పండి.

బాణం నొక్కినప్పుడు జరిగేది

పై బాణం అప్‌వోట్, కింది బాణం డౌన్‌వోట్. ఒకసారి నొక్కితే పడుతుంది, మళ్లీ అదే నొక్కితే వెనక్కి వస్తుంది, రెండోది నొక్కితే మొదటిది పోయి రెండోది నిలుస్తుంది. మీ పోస్టుకు మీ అప్‌వోట్ దానంతట అదే పడి ఉంటుంది కాబట్టి పక్కన కనిపించే 1 మీదే, దాన్ని చూసి సంబరపడనక్కర్లేదు.

మీరు నొక్కగానే మొదట మీ సర్వర్ తన పుస్తకంలో రాసుకుంటుంది, అంకె వెంటనే మారేది అందుకే. తర్వాత అది అప్‌వోట్‌ను ‘లైక్’ అనే సందేశంగా, డౌన్‌వోట్‌ను ‘డిస్‌లైక్’ అనే సందేశంగా తయారుచేసి, మీ పేరు మీద డిజిటల్ సంతకం వేసి, కమ్యూనిటీ సొంత సర్వర్‌కు పంపుతుంది. సంతకం చేసే తాళంచెవి మీ ఫోన్‌లో ఉండదు, మీ సర్వర్ దగ్గర ఉంటుంది. అంటే మీ తరఫున ముద్ర వేసేది మీ సర్వరే, కాబట్టి నడిపేవారి మీద నమ్మకం లేని చోట ఖాతా తెరవకండి. సొంత సర్వర్ ఆ సందేశాన్ని అందుకొని సంతకం సరైనదేనా, పంపిన సర్వర్ తన బ్లాక్ జాబితాలో ఉందా, ఓటు వేసిన మనిషిని కమ్యూనిటీ నుంచి నిషేధించారా అని చూస్తుంది. అన్నీ సరిగా ఉంటే తన లెక్కలో కలుపుకొని, ‘అనౌన్స్’ అనే కవరులో పెట్టి, ఆ కమ్యూనిటీలో సభ్యులున్న సర్వర్లన్నింటికీ చాటింపు వేస్తుంది. అప్పుడు గానీ మీ ఓటు మూడో ఊరికి చేరదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

సొంత సర్వర్ ఒప్పుకోకపోతే ఏమవుతుంది? మీ ఓటు మీ సర్వర్‌లోనే ఉండిపోతుంది. మీకు, మీ సర్వర్‌లోని తోటివారికి అంకె మారినట్టు కనిపిస్తుంది, మిగతా లోకానికి కనిపించదు, ఎవరూ మీకు ఆ సంగతి చెప్పరు. డౌన్‌వోట్ల విషయంలో ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే కొన్ని సర్వర్లు డౌన్‌వోట్లను పూర్తిగా ఆపివేశాయి. బీహా అనే సర్వర్ అందుకు బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడి కమ్యూనిటీలో మీరు కింది బాణం నొక్కితే అది బయటికి పోని ఓటు. నా మటుకు నేను తప్పుడు సమాచారానికి, ప్రకటనల చెత్తకు మాత్రమే కింది బాణం వాడతాను. అభిప్రాయం నచ్చకపోతే జవాబు రాయడమో, ఊరుకోవడమో చేస్తాను. ఇరవై మంది ఉన్న కమ్యూనిటీలో కొత్తవారి మొదటి ఫొటోకు రెండు డౌన్‌వోట్లు పడితే వారు మళ్లీ కనిపించరు, అది చూశాను.

అంకెలు ఎందుకు కలవవు

రెండు ఫోన్లలో లెక్క తేడా వస్తే ముందు ఇద్దరి సర్వర్ల బ్లాక్ జాబితాలు చూడండి. లెమ్మీ సర్వర్ పేజీలో అట్టడుగున ‘ఇన్‌స్టెన్సెస్’ అనే లింకు ఉంటుంది. దాన్ని తెరిస్తే ఆ సర్వర్ ఎవరితో కలిసి ఉందో, ఎవరిని బ్లాక్ చేసిందో కనిపిస్తుంది. ఇలా విడిపోవడాన్ని డీఫెడరేషన్ అంటారు. 2023 జూన్‌లో బీహా సర్వర్, కొత్తవారి తాకిడిని తట్టుకోలేక, లెమ్మీ.వరల్డ్ అనే పెద్ద సర్వర్‌తో తెగతెంపులు చేసుకున్నప్పుడు ఈ మాట చాలామందికి మొదటిసారి తెలిసింది. ఆ తర్వాత ఒక వైపు వారి ఓట్లు మరో వైపు లెక్కలో చేరడం ఆగిపోయింది. మా కోట, చెరువు కట్ట సంగతి ఇదే, చిన్న రూపంలో.

బ్లాక్ లేకపోయినా ఆలస్యం ఉండవచ్చు. ప్రతి ఓటూ ఒక విడి సందేశం, ప్రతి సందేశానికీ అవతలి సర్వర్ అందినట్టు చెప్పాలి. పూర్వం లెమ్మీ ఒక సర్వర్‌కు పంపవలసిన సందేశాలను ఒకటి తర్వాత ఒకటిగా పంపేది. యూరప్‌లోని పెద్ద సర్వర్ నుంచి ఆస్ట్రేలియాలోని సర్వర్‌కు ఒక్కో సందేశం పోయి రసీదు రావడానికి సెకనులో మూడో వంతు పట్టిందనుకోండి, గంటకు 10,800 మించి వెళ్లలేవు. అంతకంటే ఎక్కువ ఓట్లు, కామెంట్లు పుడుతుంటే క్యూ పెరుగుతూ పోతుంది, అక్కడివారు పాత లెక్కనే చూస్తుంటారు. ఇది నిజంగా జరిగింది, తర్వాతి వెర్షన్లలో ఒకేసారి పలు సందేశాలు పంపే వీలు కల్పించారు. అవతలి సర్వర్ పడిపోతే సందేశాలు పోకుండా దాచి ఉంచే క్యూ 2023 డిసెంబరులో వచ్చిన 0.19 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు పోయినవి పోయినట్టే. కాబట్టి ఇప్పుడు తేడా కనిపిస్తే కొన్ని గంటలు ఆగి చూడడం అర్థమున్న పనే.

ఆగినా కలవని సందర్భం ఒకటుంది, అది కమ్యూనిటీ సొంత సర్వర్ మూతపడడం. 2025 జూన్ చివర లెమ్.ఈఈ అనే పేరున్న సర్వర్ మూతపడింది. అలాంటప్పుడు ఆ కమ్యూనిటీల నకళ్లు మిగతా సర్వర్లలో అలాగే కనిపిస్తాయి, బాణాలు నొక్కితే అంకెలు కూడా మారతాయి. కానీ చాటింపు వేసేవారు లేరు. ఎవరి సర్వర్‌లో వారు ఓటు వేసుకుంటూ, అందరూ కలిసే ఉన్నామనుకుంటారు. నెలల తరబడి బయటివారి కొత్త ఓటు గానీ కామెంటు గానీ రాకపోతే @ తర్వాత ఉన్న సర్వర్ పేరును బ్రౌజర్‌లో తెరిచి చూడండి, తెరుచుకోకపోతే కమ్యూనిటీని వేరే చోట మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు.

ఓటు దేనికి పనికొస్తుంది: వరుస లెక్క

ఓటు ముఖ్యమైన పని పోస్టుల వరుసను నిర్ణయించడం. లెమ్మీలో ‘హాట్’ అనే వరుసకు వాడే సూత్రం దాని పత్రాల్లో బహిరంగంగా ఉంది. వెర్షన్‌ను బట్టి అంకెలు కాస్త మారినా స్వభావం ఒకటే: అప్‌వోట్ల నుంచి డౌన్‌వోట్లు తీసివేయగా వచ్చిన స్కోరుకు 3 కలిపి, దాని సంవర్గమానం తీసుకొని, 10,000తో గుణించి, పోస్టు వయసు గంటలకు 2 కలిపిన మొత్తాన్ని 1.8 ఘాతానికి పెంచి దానితో భాగిస్తారు. పదో తరగతి లెక్కల పుస్తకంలో సంవర్గమానాలు చదివిన గుర్తుంటే కాగితం మీద వేసి చూడండి.

గంట క్రితం వేసిన పోస్టుకు స్కోరు 7 ఉందనుకుందాం. 7కు 3 కలిపితే 10, దాని సంవర్గమానం 1. వయసు 1కి 2 కలిపితే 3, మూడును 1.8 ఘాతానికి పెంచితే దాదాపు 7.22. పదివేలను దానితో భాగిస్తే సుమారు 1,385. ఎనిమిది గంటల క్రితం వేసిన మరో పోస్టుకు స్కోరు 97 ఉందనుకుందాం. 100 సంవర్గమానం 2. వయసు 8కి 2 కలిపితే 10, దాని 1.8 ఘాతం దాదాపు 63.1. ఇరవై వేలను దానితో భాగిస్తే 317 మాత్రమే. అంటే 97 ఓట్ల పాత పోస్టు కంటే 7 ఓట్ల కొత్త పోస్టు చాలా పైన ఉంటుంది.

ఈ లెక్క నుంచి రెండు పనికొచ్చే సంగతులు తేలుతాయి. పోస్టు పుట్టిన మొదటి గంట రెండు గంటల్లో పడే నాలుగైదు ఓట్లకు ఉన్న బలం, సాయంత్రానికి పడే నలభై ఓట్లకు ఉండదు. 10 నుంచి 100కు ఎక్కడానికి ఎంత ఫలితమో, 100 నుంచి 1,000కి ఎక్కడానికీ అంతే. అందుకే మీ పోస్టును జనం ఫోన్ చూసే వేళకు వేయండి. మా అనుభవంలో వరంగల్, కరీంనగర్ వైపు వారికి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత వేసిన పోస్టే నడుస్తుంది, మధ్యాహ్నం వేస్తే రాత్రికి అడుక్కి పోతుంది.

‘యాక్టివ్’ వరుసలో పోస్టు వయసు బదులు చివరి కామెంటు వయసు లెక్కలోకి వస్తుంది, కాబట్టి మాట్లాడుకుంటున్న పోస్టు రెండు రోజుల వరకు పైన తేలుతూ ఉంటుంది. ‘టాప్’ వరుసలో వయసు ప్రసక్తి లేదు, ఎంచుకున్న రోజు, వారం, నెలలో ఎవరికి ఎక్కువ ఓట్లో అదే. మన వంటి చిన్న కమ్యూనిటీల సభ్యులు ‘స్కేల్డ్’ అన్నదాన్ని అలవాటు చేసుకోవడం మంచిది. అది కమ్యూనిటీ ఎంత చిన్నదో చూసి దాని పోస్టులకు కొంత ఎత్తు ఇస్తుంది. లేకపోతే వేలమంది ఉన్న ఇంగ్లీషు కమ్యూనిటీల మధ్య ఏనుమాముల మార్కెట్లో మిర్చి ధర గురించి మనవాడు వేసిన పోస్టు ఎవరి కంటా పడదు. ఈ వరుసలన్నీ ఏ సర్వర్‌కు ఆ సర్వర్ తన నకలు లెక్కతోనే కడుతుంది కాబట్టి, అంకెల్లో తేడా ఉంటే వరుసలోనూ తేడా ఉంటుంది.

ఈ ఓటు రహస్యం కాదు

అట్ట మాటున ఈవీఎం బటన్ నొక్కినట్టు ఇక్కడ ఓటు వేస్తున్నామని అనుకోకండి. గ్రామసభలో చేయెత్తి చెప్పడానికి ఇది దగ్గర. ప్రతి ఓటు సందేశంలో మీ ఖాతా పేరు ఉంటుంది, అది కమ్యూనిటీలో సభ్యులున్న ప్రతి సర్వర్‌కూ చేరుతుంది. లెమ్మీలో అడ్మిన్లు (సర్వర్ నడిపేవారు) ఏ పోస్టుకు ఎవరు ఏ ఓటు వేశారో తెరిచి చూడవచ్చు, మోడరేటర్లు (కమ్యూనిటీని చూసుకునేవారు) తమ కమ్యూనిటీలో చూడవచ్చు. సొంతంగా సర్వర్ పెట్టుకున్న ఎవరికైనా ఆ పేర్లు అందుతాయి. ఎంబిన్ వంటి వేదికల్లో ఇష్టపడినవారి పేర్లు మామూలు పాఠకులకే కనిపిస్తాయి. పీఫెడ్ మాత్రం ఓటును మారుపేరుతో బయటికి పంపే ఏర్పాటు ఒకటి తెచ్చింది. ఊరి రాజకీయం మీద, పనిచేసే చోటు మీద వచ్చే పోస్టులకు ఓటు వేసేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. అసలు పేరుతో ఖాతా ఉన్నవారు మరీ గుర్తుంచుకోవాలి.

బయటికి పోకూడని సంగతుల మీద ఓటు తీసుకోవాలంటే కమ్యూనిటీ సెట్టింగ్స్‌లో ‘లోకల్ ఓన్లీ’ అనే ఎంపికను పెట్టుకోవచ్చు, 0.19.4 వెర్షన్ నుంచి ఇది ఉంది. అప్పుడు ఆ కమ్యూనిటీ ఆ ఒక్క సర్వర్‌లో ఖాతా ఉన్నవారికే పరిమితం. నకళ్లు ఉండవు, అంకెల తేడా ఉండదు, కానీ వేరే సర్వర్లలోని మిత్రులు కూడా లోపలికి రాలేరు.

మాస్టడాన్ నుంచి వచ్చేవారికి

మాస్టడాన్‌లో డౌన్‌వోట్ లేదు. నక్షత్రం నొక్కితే ఆ ‘లైక్’ రాసిన మనిషి సర్వర్‌కు వెళ్లి అక్కడితో ఆగుతుంది. లెమ్మీ కమ్యూనిటీలా చాటింపు వేసే సొంత సర్వర్ మధ్యలో లేదు కాబట్టి మూడో సర్వర్‌లోని పాఠకులకు ఆ నక్షత్రం సంగతి సాధారణంగా తెలియదు. మీకు మూడు నక్షత్రాలు కనిపించే పోస్టుకు రాసినవారి సర్వర్‌లో ముప్పై ఉండవచ్చు. మీ హోమ్ పేజీ కాలక్రమంలో నడుస్తుంది, నక్షత్రాల వల్ల అక్కడ ఏదీ పైకి రాదు. పోస్టు నలుగురికీ చేరాలంటే బూస్ట్ చేయాలి, అంటే మిమ్మల్ని అనుసరించేవారికి మళ్లీ పంచాలి. లెమ్మీ పోస్టు మాస్టడాన్‌లో కనిపించినప్పుడు దానికి నక్షత్రం ఇస్తే అది అప్‌వోట్‌గా లెక్కకు వస్తుంది, కానీ రాసినవారి సర్వర్, కమ్యూనిటీ సర్వర్ వేరైతే ఆ ఓటు దారి తప్పే అవకాశం ఉంది. ముఖ్యమైన ఓటుకు లెమ్మీలోనే ఖాతా తెరవడం మేలు.

మాస్టడాన్‌లో పోల్ ఉంది, అది నిజంగా పనికొచ్చేది. సాధారణంగా నాలుగు వరకు ఎంపికలు ఇవ్వవచ్చు, ఒకటే ఎంచుకోవాలా, ఎన్నైనా ఎంచుకోవచ్చా అని చెప్పవచ్చు, గడువు పెట్టవచ్చు. ఓట్లన్నీ పోల్ పెట్టినవారి సర్వర్‌కే వెళ్తాయి, ఆ సర్వర్ మొత్తాలు కట్టి మిగతావారికి పంపుతుంది. అందువల్ల నకళ్ల గొడవ తక్కువ. ఒకసారి వేసిన ఓటును మార్చుకోలేరు, ఎవరు ఏది ఎంచుకున్నారో తోటివారికి కనిపించదు.

నిర్ణయం తీసుకోవలసి వస్తే

బాణాల లెక్కతో నిర్ణయాలు తీసుకోవడం మేము మానేశాము. నకళ్ల తేడా ఒక కారణం, రెండో కారణం ఖాతాలు. ఊరిలో ఒక ఓటు, హైదరాబాద్‌లో ఒక ఓటు పెట్టుకొని రెండు చోట్లా జాబితాలో ఉండేవారిని మనం ఎరుగుదుము; ఇక్కడ అది ఇంకా సులభం. ఒకే మనిషి నాలుగు సర్వర్లలో నాలుగు ఖాతాలు తెరిస్తే నాలుగు ఓట్లు, అడిగే ఓటరు కార్డు లేదు. కొత్త సర్వర్ ఒకటి పెట్టి దొంగ ఖాతాలను వరుసగా పుట్టించేవారు కూడా ఉన్నారు, అటువంటి సర్వర్‌ను అడ్మిన్లు బ్లాక్ చేయగలరు గానీ అప్పటికే పడిన ఓట్లను తీసివేయడం కష్టమైన పని.

ఇప్పుడు మేము చేసేది ఇది. ఏదైనా తేల్చుకోవలసి వస్తే కమ్యూనిటీ సొంత సర్వర్‌లో ఒక పోస్టు వేసి, ప్రతిపాదనను ఒకటి రెండు వాక్యాల్లో రాస్తాము. మొదటి మూడు రోజులు చర్చ మాత్రమే, ఓటు ఉండదు. తర్వాత మోడరేటర్ ఎంపికలను అంకెలు వేసి రాసి, వాటి కింద గడువు రాస్తాడు. ఓటు వేసేవారు బాణం నొక్కకుండా, తమ ఎంపిక అంకెను కామెంటుగా రాస్తారు. కామెంటు పక్కన పేరు, సమయం ఉంటాయి, ఎవరైనా లెక్క పెట్టుకోవచ్చు, ఒక నకలులో కనిపించకపోయినా సొంత సర్వర్‌లో దొరుకుతుంది. పోస్టు వేసిన రోజుకు ముప్పై రోజుల ముందు నుంచి ఉన్న ఖాతాల ఓట్లే లెక్కలోకి తీసుకుంటాము. ఈ నియమం పెట్టినప్పుడు కొత్తవారు కొందరు నొచ్చుకున్నారు, అయినా మార్చలేదు. ఇంత చిన్న గుంపుకు ఇది చాలు. పెద్ద ఎత్తున సభ్యుల నిర్ణయంతో నడిచే సర్వర్లు వేరే సాధనాలు వాడతాయి. సోషల్.కోప్ అనే సహకార మాస్టడాన్ సర్వర్ సభ్యులు తమ నియమాల మీద చర్చకు, ఓటుకు లూమియో అనే సాధనాన్ని వాడతారు.

గడువు రాసేటప్పుడు తేదీ, గంటలతో పాటు భారత కాలమానం అని కూడా రాయండి. మా సభ్యుల్లో ఇద్దరు డల్లాస్‌లో, ఒకరు దుబాయిలో ఉన్నారు, ‘శనివారం రాత్రి’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో రాత్రి. గడువు దాటాక మోడరేటర్ సొంత సర్వర్‌లో పేర్లు లెక్కపెట్టి, ఫలితాన్ని అదే పోస్టు కింద రాసి, పోస్టును లాక్ చేస్తాడు. సంక్రాంతి ముందు చేసిన చివరి ఓటింగులో 19 మంది కామెంటు రాశారు, రెండు ఖాతాలు ముప్పై రోజుల లోపువి కావడంతో 17 లెక్కకు వచ్చాయి, అందులో 10 చెరువు కట్టకు పడ్డాయి. పరకాల మిత్రుడు అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు, ఈసారి ఫోన్ చేయలేదు.